చిన్న కంపెనీ హద్దు 10 కోట్లకి పెంచారు కదా, మాకిక డీమ్యాట్ అక్కర్లేదా?

రెండోతరం:

మాది ఇంటివాళ్ళం కలిసి నడిపే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పంపుల విడిభాగాలు తయారు చేస్తాం. బాబాయి మేనేజింగ్ డైరెక్టర్, నేను డైరెక్టర్‌ని. అకౌంట్లు చూడటం, ఆడిటర్‌తో మాట్లాడటం, ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌తో కుస్తీ పట్టడం అన్నీ నా నెత్తినే ఉన్నాయి. పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 5.6 కోట్లు, పోయిన ఏడాది టర్నోవర్ 38 కోట్లు. వాటాదారులంతా చుట్టాలే.

చిన్న కంపెనీలు కాని ప్రైవేట్ కంపెనీలన్నీ డీమ్యాట్‌కి, అంటే కాగితం షేర్ల నుంచి ఎలక్ట్రానిక్ షేర్లకి, మారాలని 2023 అక్టోబరులో రూల్ తెచ్చారు. అప్పటికి చిన్న కంపెనీ అంటే 4 కోట్ల క్యాపిటల్, 40 కోట్ల టర్నోవర్ లోపు ఉండాలి. మా క్యాపిటల్ 2023 మార్చి నాటికే 4 కోట్లు దాటింది కాబట్టి మాకు వర్తిస్తుందని ఆడిటర్ చెప్పారు. గడువు మొదట 2024 సెప్టెంబరు 30, తర్వాత 2025 జూన్ 30కి జరిపారు. నేను రెండుసార్లూ కదిపాను. బాబాయి మాత్రం "మన సర్టిఫికెట్లు మన బీరువాలో ఉంటే వాళ్ళకేంటమ్మా నొప్పి" అని పక్కన పెట్టేశారు.

2025 డిసెంబరు 1న హద్దు 10 కోట్లు, 100 కోట్లకి పెంచారు. బాబాయి ఆ నోటిఫికేషన్ నాకు వాట్సాప్‌లో పంపి, కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. "చూశావా, ఆగితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి" అని.

ఇప్పుడు రెండు పనులు ముందున్నాయి. కొత్త మెషీన్ కోసం ఉన్న వాటాదారులకే రైట్స్ ఇష్యూ ఇద్దామనుకుంటున్నాం. రెండోది, పిన్నికి ఉన్న 8 శాతం వాటా తన కూతురికి ఇచ్చేస్తానంటోంది. చెల్లి అమెరికాలో ఉద్యోగం చేస్తోంది.

మేం ఇప్పుడు చిన్న కంపెనీయే కదా? పాత పద్ధతిలో ఎస్‌హెచ్-4 ఫారం (షేర్ల బదిలీ పత్రం) మీద సంతకాలు పెట్టించి, కాగితం సర్టిఫికెట్లతోనే ఈ రెండు పనులూ చేసుకోవచ్చా? ఆడిటర్‌ని అడిగితే "రిస్క్ ఉంది" అన్నారు. ఏం రిస్కో చెప్పలేదు.

ట్యాక్స్‌పురుగు:

5.6 కోట్లు 10 కోట్ల కంటే తక్కువ, 38 కోట్లు 100 కోట్ల కంటే తక్కువ. రెండు షరతులూ తీరాయి. ఈ డీమ్యాట్ రూల్ పేరు 9బి, దాని మొదటి లైన్లోనే "చిన్న కంపెనీ కాని ప్రతి ప్రైవేట్ కంపెనీ" అని ఉంది. మీరు చిన్న కంపెనీ, కాబట్టి ఆ రూల్ మీది కాదు. బాబాయి గారి మాటే కరెక్ట్. ఎస్‌హెచ్-4 వేసేయండి. అదనంగా ఏడాదికి రెండు బోర్డు మీటింగులు చాలు, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అక్కర్లేదు, వార్షిక రిటర్న్ ఎంజీటీ-7ఎ చాలు. పండగ చేసుకోండి.

ఫైలింగ్‌పక్షి:

నేను ప్రాక్టీస్ చేస్తున్న కంపెనీ సెక్రటరీని. డిసెంబరు నుంచి నాకు వస్తున్న ఫోన్లలో చాలావాటిది ఇదే ప్రశ్న, చాలామందికి కావలసింది కూడా ట్యాక్స్‌పురుగు గారి జవాబే. నేను మాత్రం ఆ జవాబు ఇవ్వడం లేదు.

9బిలో మొదటి ఉపనియమం చదివి ఆగిపోతే ఆయన చెప్పింది సరిపోతుంది. రెండోది చదవండి. 2023 మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ ముగిసిన ఏ ఆర్థిక సంవత్సరం చివరి రోజున, ఆడిట్ అయిన లెక్కల ప్రకారం చిన్న కంపెనీ కాకుండా ఉంటే, ఆ కంపెనీ 18 నెలల్లోగా రూల్ పాటించాలి అని ఉంది. మీరు 2023 మార్చి 31న చిన్న కంపెనీ కాదు. బాధ్యత ఆ రోజే మీ మీద పడింది. తర్వాత చిన్న కంపెనీగా మారితే ఈ రూల్ నుంచి బయటపడతారని అందులో ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మొదటి ఉపనియమాన్ని పట్టుకుని "ఈ రోజు చిన్న కంపెనీ అయితే ఈ రోజు రూల్ లేదు" అని వాదించొచ్చు. ఆ వాదనలో పస లేదని నేననను. కానీ అది రిజిస్ట్రార్ ముందు నిలబడి చేసుకోవాల్సిన వాదన. నమ్ముకుని షేర్లు జారీ చేసేంత గట్టిది కాదు. ఇంకొకటి. మీ గడువు 2025 జూన్ 30న ముగిసింది, హద్దు పెరిగింది డిసెంబరు 1న. మధ్యలో ఉన్న ఐదు నెలలకి ఏ వాదనా పనికిరాదు. నోటిఫికేషన్ వెనకటి తేదీ నుంచి అమల్లోకి రాలేదు.

అసలు ఇదంతా మీరు నిజంగా చిన్న కంపెనీ అయితేనే. కంపెనీల చట్టంలో చిన్న కంపెనీని నిర్వచించే సెక్షన్ 2(85) మొత్తం చదివారా? అంకెలు సరిపోయినా సరే, హోల్డింగ్ కంపెనీ (ఇంకో కంపెనీలో సగానికి మించి వాటా ఉన్నది), సబ్సిడరీ కంపెనీ (అలా ఇంకో కంపెనీ చేతిలో ఉన్నది) చిన్న కంపెనీలు కావు. మీ కంపెనీకి వేరే ఏ కంపెనీలోనైనా సగానికి మించి వాటా ఉందా? బ్యాలెన్స్ షీట్‌లో ఇన్వెస్ట్‌మెంట్స్ దగ్గర చూసి చెప్పండి.

రెండోతరం:

ఉందండి. 60 శాతం. మా సరుకు అమ్మడానికని చాలా ఏళ్ళ కిందట పెట్టిన కంపెనీ. క్యాపిటల్ 10 లక్షలు. మిగతా 40 శాతం అప్పట్లో మార్కెటింగ్ చూసిన భాగస్వామిది. ఆయన వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు అందులో వ్యాపారం ఏమీ లేదు, ఒక బ్యాంకు ఖాతా ఉంది, ఏటా నేనే రిటర్నులు వేస్తున్నాను. అంత చిన్నదాని వల్ల మేం పెద్ద కంపెనీ అయిపోతామా?

ఫైలింగ్‌పక్షి:

అయిపోతారు. మీ కంపెనీ హోల్డింగ్ కంపెనీ. చిన్న కంపెనీ తలుపు మీకు తెరుచుకోలేదు, 4 కోట్ల రోజుల్లోనూ లేదు, 10 కోట్ల రోజుల్లోనూ లేదు. హద్దు ఇంకా పెంచినా ఇదే జవాబు. పైన నేను చెప్పిన మొదటి ఉపనియమం, రెండో ఉపనియమం వాదన మీ విషయంలో అక్కర్లేకుండానే పోయింది.

ఇంకో మాట వింటే బాబాయి గారికి మరీ కోపం వస్తుంది. ఆ 10 లక్షల కంపెనీ కూడా చిన్న కంపెనీ కాదు, ఎందుకంటే అది సబ్సిడరీ. 9బి దానికీ వర్తిస్తుంది. వ్యాపారం లేని కంపెనీకి ఐఎస్ఐఎన్ (డీమ్యాట్ షేర్లకిచ్చే గుర్తింపు సంఖ్య) తెచ్చుకోవాలి, ఆరు నెలలకోసారి పాస్-6 (డీమ్యాట్ వివరాల రిటర్న్) వేయాలి. ఇందులో తర్కం ఏమిటని నన్నడగొద్దు. పెద్ద గ్రూపులు ఖాళీ కంపెనీల వెనక దాక్కోకుండా పెట్టిన అడ్డు అనుకోవాలి. మీలాంటి వాళ్ళు కూడా అందులో చిక్కుకుంటారు.

ట్యాక్స్‌పురుగు గారు చెప్పిన పండగ కూడా రద్దు. ఏడాదికి నాలుగు బోర్డు మీటింగులు, క్యాష్ ఫ్లో, మామూలు ఎంజీటీ-7 అన్నీ అలాగే ఉంటాయి. జరిమానాలో సగం తగ్గింపు ఇచ్చే సెక్షన్ 446బి కూడా చిన్న కంపెనీలకే, మీకు రాదు.

ఇప్పుడు రిస్క్ ఏమిటని అడిగారు కదా. డీమ్యాట్ చేయనంత మాత్రాన పిన్ని గారి సర్టిఫికెట్ చిత్తు కాగితం అయిపోదు. ఓటు ఉంటుంది, డివిడెండ్ వస్తుంది. ఈ భయం చాలామంది పెట్టుకుంటారు, అక్కర్లేదు. చిక్కు కదిలించినప్పుడే. గడువు దాటాక షేరు బదిలీ చేయాలనుకున్నవాళ్ళు ముందు దాన్ని డీమ్యాట్‌లోకి మార్చుకుని ఆ తర్వాతే బదిలీ చేయాలి. కొత్త షేర్లు తీసుకునేవాళ్ళు తమ దగ్గర అప్పటికే ఉన్నవన్నీ డీమ్యాట్‌లో పెట్టుకోవాలి. కంపెనీ అయితే రైట్స్, బోనస్, బైబ్యాక్ ఏది ప్రకటించాలన్నా అంతకు ముందే ప్రమోటర్లు, డైరెక్టర్లు, కీలక మేనేజర్ల షేర్లు మొత్తం మార్చి ఉండాలి. అంటే మీ రైట్స్ ఇష్యూ తాళం చెవి బాబాయి గారి బీరువాలోనే ఉంది.

జరిమానా సెక్షన్ 450 కింద పడుతుంది. 10,000 రూపాయలు, తప్పు కొనసాగినన్ని రోజులు రోజుకి 1,000, కంపెనీకి గరిష్ఠంగా 2 లక్షలు, బాధ్యుడైన అధికారికి 50,000. ఇది చూసి "ఇంతేనా, కట్టేద్దాం" అంటారు. నా లెక్కలో జరిమానా చిన్న విషయం. రేపు బ్యాంకు అప్పు కోసమో, ఎవరైనా పెట్టుబడి పెడతామనో మీ కాగితాలు తిరగేస్తారు. 2025 జూన్ తర్వాత కాగితం మీద జరిగిన షేర్ల జారీ కనిపిస్తే, ఆ షేర్లు చెల్లుతాయా అనే ప్రశ్న దగ్గరే అంతా ఆగిపోతుంది. అప్పుడు సరిదిద్దుకోవడం కంటే ఇప్పుడు మార్చుకోవడం చాలా తేలిక.

ట్యాక్స్‌పురుగు:

సబ్సిడరీ సంగతి మొదటి పోస్టులో లేదు కదండీ, ఉంటే నేనూ వేరేలా చెప్పేవాణ్ణి. సరే, ఆ ఖాళీ కంపెనీని వదిలించుకుంటే? 2025 సెప్టెంబరులో ఫాస్ట్‌ట్రాక్ విలీనం రూల్స్ మార్చారు. ఇదివరకు వంద శాతం సబ్సిడరీకే ఆ దారి, ఇప్పుడు 60 శాతం ఉన్నదాన్ని కూడా ట్రిబ్యునల్‌కి వెళ్ళకుండా శాఖ అధికారి అయిన రీజినల్ డైరెక్టర్ దగ్గరే కలిపేసుకోవచ్చు. కలిపేస్తే హోల్డింగ్ కంపెనీ అన్న మచ్చ పోతుంది, చిన్న కంపెనీ అయిపోతారు.

ఫైలింగ్‌పక్షి:

రూల్ మారిన మాట నిజం. కానీ వరస చూడండి. విలీనంలో 40 శాతం భాగస్వామికి ఆయన వాటాకి బదులుగా మామూలుగా మీ కంపెనీ షేర్లు ఇవ్వాలి. ఇవ్వాలంటే డీమ్యాట్‌లోనే ఇవ్వాలి. అంటే డీమ్యాట్ తప్పించుకోవడానికి విలీనం, విలీనానికి ముందు డీమ్యాట్. పైగా సెక్షన్ 233 కింద మొత్తం షేర్లలో 90 శాతం ఉన్న సభ్యుల అంగీకారం కావాలి. 40 శాతం ఆయన సంతకం లేకుండా ఆ సబ్సిడరీ మీటింగులో ఏమీ జరగదు.

రెండేళ్ళుగా వ్యాపారమే లేకపోతే ఎస్‌టీకే-2 ఫారం వేసి రిజిస్టర్ నుంచి ఆ కంపెనీ పేరు కొట్టేయించుకోవడం సులువు. ప్రభుత్వ ఫీజు 10,000. దానికి సభ్యుల ప్రత్యేక తీర్మానం గానీ, పెయిడప్ క్యాపిటల్‌లో 75 శాతం వాటా ఉన్నవాళ్ళ సమ్మతి గానీ కావాలి. మీ 60 ఒక్కటే చాలదు, కాబట్టి ఆయన్ని ఎలాగూ పలకరించాలి. బ్యాంకు ఖాతా మూసేసి, అప్పులేమీ లేవని తేల్చుకుని వెళ్ళాలి. ఈ పని చేయండి, ఏటా రెండు సెట్ల రిటర్నుల బాధ తప్పుతుంది. కానీ డీమ్యాట్ తప్పించుకోవడానికని చేయొద్దు. అది పోయాక మీరు చిన్న కంపెనీ అయితే, మళ్ళీ రెండో ఉపనియమం దగ్గరికే వచ్చి నిలబడతాం.

స్టోర్స్‌నుంచిఅకౌంట్స్:

మా కంపెనీలో ఈ డీమ్యాట్ పని నేనే చేయించాను, మాది కూడా చుట్టాల కంపెనీయే. చట్టం సంగతి పెద్దలు చెప్పారు, నేను చేతితో చేసే పని చెప్తాను.

ముందు మీ ఆర్టికల్స్ తీసి చూడండి. పాత కంపెనీ అయితే షేర్లు డీమ్యాట్‌లో పెట్టుకోవచ్చన్న క్లాజ్ ఉండదు, తీర్మానం చేసి చేర్చాలి. తర్వాత సెబీ దగ్గర నమోదైన ఆర్‌టీఏని (షేర్ల రిజిస్టర్, బదిలీల పని చూసే ఏజెంటు) పెట్టుకోవాలి. డీమ్యాట్ షేర్లు ఉంచే డిపాజిటరీ (ఎన్‌ఎస్‌డీఎల్ గానీ సీడీఎస్ఎల్ గానీ), ఆర్‌టీఏ, మీరు కలిసి ముగ్గురి ఒప్పందం రాసుకుంటే ఐఎస్ఐఎన్ వస్తుంది. కాగితాలు సరిగ్గా ఉంటే ఈ భాగం పెద్ద కష్టం కాదు.

కష్టమంతా పేర్ల దగ్గర. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఉంటుంది, పాన్ మీద పూర్తిగా ఉంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళ విషయంలో సర్టిఫికెట్ పుట్టింటి పేరు మీద, పాన్ అత్తింటి పేరు మీద. డీమ్యాట్ ఖాతా పాన్ పేరుతోనే తెరుస్తారు, రెండూ కలవకపోతే రిక్వెస్ట్ వెనక్కి తిప్పి పంపుతారు. అందుకే ఐఎస్ఐఎన్‌కి దరఖాస్తు పెట్టకముందే సభ్యుల రిజిస్టర్, సర్టిఫికెట్లు, పాన్ కార్డులు మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక ఎక్సెల్ షీట్ చేసుకోండి. తేడా ఉన్నవాళ్ళ చేత అఫిడవిట్లు రాయించి బోర్డులో పెట్టి రిజిస్టర్ సరిచేసుకోండి. ఇద్దరి పేరు మీద జాయింటుగా ఉన్న షేర్లకి డీమ్యాట్ ఖాతాలో కూడా ఆ ఇద్దరే ఉండాలి. మా దగ్గర ఒక దంపతులకి వేరువేరు ఖాతాలుండి, జాయింట్ ఖాతా కొత్తగా తెరవాల్సి వచ్చింది.

సర్టిఫికెట్ పోయి ఉంటే డూప్లికేట్ ఇచ్చే తతంగం ముందు పూర్తి చేయాలి. అసలు కాగితం చేతిలో లేకుండా డీమ్యాట్ రిక్వెస్ట్ కదలదు. చనిపోయినవాళ్ళ పేరు మీద ఉన్న షేర్లు కూడా వెతికి బయటికి తీయండి, ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది.

ఇంకోటి, సబ్సిడరీలో మీకున్న 60 శాతం కంపెనీ పేరు మీద ఉంటుంది కదా. వాటిని మార్చాలంటే కంపెనీ పేరుతో కూడా డీమ్యాట్ ఖాతా తెరవాలి. మాకిది చివర్లో తెలిసి కేవైసీ కోసం మళ్ళీ డైరెక్టర్లందరి సంతకాల వెంట తిరిగాను.

రెండోతరం:

అందరికీ చాలా థ్యాంక్స్. పై పోస్టు చదివి బీరువా తీయించాను. తాతగారి పేరు మీద ఇంకా 400 షేర్లు ఉన్నాయి! ఆయన పోయి చాలా కాలమైంది. వాటికి కూడా ముందు డీమ్యాట్ చేయాలా? పోయినాయన పేరు మీద ఖాతా ఎలా తెరుస్తాం?

బాబాయికి సబ్సిడరీ సంగతి చెప్పాను. ఆ 40 శాతం పార్టీ పేరెత్తగానే భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. అయినా తన పాన్ కాపీ మాత్రం రాత్రే మెయిల్ చేశారు.

ఫైలింగ్‌పక్షి:

తాతగారి షేర్లకి కంగారు లేదు. రూల్ ఆపింది ట్రాన్స్‌ఫర్‌ని. మనిషి పోయాక వారసులకి దక్కడం ట్రాన్స్‌మిషన్, అది వేరు. వారసత్వ కాగితాలు తీసుకుని కంపెనీ తన రిజిస్టర్‌లో వారసుల పేరు ఎక్కించవచ్చు, ఆ తర్వాత ఆ వారసులు తమ పేరు మీద డీమ్యాట్ చేసుకుంటారు. నేను చదువుకున్నంతలో 9బి దీనికి అడ్డు రాదు.

మీ మొదటి పోస్టులో ఒక ముక్క నన్ను అప్పటినుంచీ గుచ్చుతోంది. పిన్ని గారు 8 శాతం ఇచ్చేది అమెరికాలో ఉన్న అమ్మాయికి. దీనికి డీమ్యాట్ కంటే ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) పెద్ద అడ్డు. ఇక్కడ ఉండేవాళ్ళు విదేశంలో ఉండేవాళ్ళకి కంపెనీ షేర్లు బహుమతిగా ఇవ్వాలంటే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. తల్లీకూతుళ్ళయినా సరే. పైగా ఆ బహుమతి కంపెనీ పెయిడప్ క్యాపిటల్‌లో 5 శాతం దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినవన్నీ కలిపి 50,000 డాలర్ల విలువ దాటకూడదు. 8 శాతం ఒకేసారి ఆ దారిలో వెళ్ళదు. మీ కంపెనీ షేరు విలువ ముఖ విలువ దగ్గరే ఉన్నా 8 శాతం అంటే 44.8 లక్షలు. అసలు విలువ కట్టిస్తే డాలర్ల హద్దు ఎప్పుడో దాటేస్తుంది.

పిన్ని గారు వీలునామా రాస్తే ఆ చిక్కు ఉండదు. ఇక్కడి మనిషి నుంచి వారసత్వంగా వచ్చిన షేర్లు విదేశంలో ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చని ఫెమా సెక్షన్ 6(5)లోనే ఉంది. ఆవిడ ఇప్పుడే ఇవ్వాలని పట్టుబడుతున్నారంటే వెనక ఏదో కారణం ఉంటుంది. అది కనుక్కోండి. డివిడెండ్ అమ్మాయికి చేరడమే కావాలంటే షేర్లు కదిలించకుండానే ఆ డబ్బు పంపుకోవచ్చు. చెల్లెలు గారు ఏ పౌరసత్వం మీద ఉన్నారు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉందా, పాన్ ఉందా అన్నవి కూడా రాయండి. పాన్ లేకపోతే ఏ దారిలో వెళ్ళినా ముందు దానికే దరఖాస్తు పెట్టాలి.

రెండోతరం:

గ్రీన్ కార్డ్, పౌరసత్వం ఇక్కడిదే. పాన్ ఉంది, ఆధార్‌తో లింక్ లేదు. పిన్నితో మాట్లాడి రాస్తాను. రైట్స్ ఇష్యూ మాత్రం బాబాయి, నేను, అన్నయ్య ముగ్గురి షేర్లూ మారాకే బోర్డులో పెడదామని ఈ రోజు అనుకున్నాం. ఆర్‌టీఏ కొటేషన్లు అడిగాను. సబ్సిడరీకి కూడా వేరేగా ఫీజు అంటున్నారు, రెండు కంపెనీలకి కలిపి తగ్గించమని అడగొచ్చా?

స్టోర్స్‌నుంచిఅకౌంట్స్:

అడగండి, తగ్గిస్తారు. మాకు తగ్గించారు. మొదటి కొటేషన్‌కి ఒప్పుకోకండి.